పద్నాలుగు అక్షరాలు తక్కువ

పురపాలక కచేరీలో ముప్పై నాలుగేళ్లు
పద్దులు రాసినవాణ్ణి.
శిల్పి లెబెరెక్ట్ డోర్న్‌జైఫ్ నాకు తెలిసింది
ఆయన పంపిన బిల్లుల గుండానే.

మొదటిది పంతొమ్మిది వందల తొమ్మిదిలో.
బంకమట్టి, పదకొండు బళ్లు.
ఇనుప కడ్డీలు, గోనెగుడ్డ.
బీరుబండి గుర్రం ఒకటి, ఆరు వారాల అద్దె,
దాణా వేరే.
ఊరికే నిలబడ్డానికి గుర్రానికి డబ్బులేమిటని రాశాను.
‘నిలబడ్డమే కష్టం’ అని
అదే కాగితం వెనక జవాబు.

కొండ మీద కంచు డ్యూక్ లేచాడు,
గుర్రంతో కలిపి నాలుగు నిలువుల ఎత్తు.
భుజం మీద కూర్చుని వెన్‌త్సెల్ అనే బొహీమియా పనివాడు
మధ్యాహ్నాలు రొట్టె తినేవాడు.
ఆ రొట్టె కూడా బిల్లులో ఉంది.

తనిఖీకి నిచ్చెన ఎక్కాను.
దగ్గర్నించి ఆ మొహం వికారం:
గుమ్మడికాయ నుదురు, గోతుల్లాంటి కళ్లు,
ఏ తల్లీ కనని ముక్కు.
కొలత తప్పిందండీ, అని పైనుంచి అరిచాను.
ఆయన టోపీ ఊపి దిగమన్నాడు.
దిగుతుంటే మెట్టు మెట్టుకీ
మొహం సర్దుకుంటూ వచ్చింది.
నేల మీద కాలు పెట్టేసరికి
డ్యూక్ నన్ను క్షమించేశాడు.

ఇంకా వెనక్కి నడిపించి
గడ్డిలో పాతిన చదును రాతి మీద నిలబెట్టాడు నన్ను.
‘ఇక్కణ్ణించే చూడాలి,’ అన్నాడు.
చివరి బిల్లులో చివరి వరస:
నిలబడే రాయి ఒకటి, ఉచితం.

తర్వాత యుద్ధం.
నాలుగేళ్లు నా బల్ల మీదికి
వేరే రకం కాగితాలు వచ్చాయి.

ఇరవై రెండులో చర్చి పక్కన ఇసుకరాతి గోడ.
తిరిగిరాని కుర్రాళ్ల పేర్లు చెక్కాలి,
కూలి అక్షరానికి ఇంతని. ఒప్పందం నేనే రాశాను.
పని అయింది, బిల్లు వచ్చింది.
గోడ దగ్గరికెళ్లి లెక్కపెట్టాను,
వేలితో, రెండుసార్లు, ఎల్బె మీంచి వాన కొడుతుంటే.
రెండు వేల మూడు వందల ఆరు.
బిల్లులో పద్నాలుగు తక్కువ.

తక్కువైనా తప్పు తప్పే కదా.
సవరించి పంపండని రాశాను. జవాబు లేదు.
మళ్లీ రాశాను.
ఈలోగా మార్కు విలువ
చిల్లు కుండలో నీళ్లలా కారిపోతోంది.
మూడోసారి రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను.
దాని మీద అంటించిన స్టాంపుల ఖరీదు
అప్పటికి ఆయనకి రావాల్సిన మొత్తాన్ని దాటిపోయింది.

ఆయన రాలేదు. భార్య ఒట్టీలియె వచ్చింది.
కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.
‘నాలుగో వరసలో ఆఖరి పేరు చదివారా?’
చదవలేదు.
లెక్కపెట్టాను, అంతే.

ఎకార్ట్ డోర్న్‌జైఫ్.

బిల్లు ఉన్నదున్నట్టు మంజూరు చేశాను.
ఆ నోట్లు ఒక రొట్టె అంచుకి కూడా చాలవని
ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.
కట్ట తీసుకుని, ఎంచకుండా,
గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

ముప్పై ఒకటిలో ఆయన పోయాడు.
నలభై రెండులో డ్యూక్‌ని కరిగించడానికి
లారీ వచ్చింది.
రసీదు నా చేతికిచ్చారు:
మనిషికీ గుర్రానికీ కలిపి ఒకటే తూకం.
సంతకం పెట్టాను. ఇంకేం చేస్తాను.

ఇప్పుడు ఆదివారాలు కొండెక్కి
ఆ చదును రాతి మీద నిలబడతాను.
అక్కణ్ణించి ఖాళీ పీఠం,
దాని పైన సరిగ్గా అంత మేరకే ఆకాశం
కొలత తప్పకుండా కనిపిస్తాయి.

గోడ ముందు మాత్రం
ఆయన అలాంటి రాయి పాతించలేదు.
ఎంత దూరంలో నిలబడాలో
నాకెవరూ చెప్పలేదు.
అందుకే బాగా దగ్గరికి వెళ్లి
కళ్లజోడు తీసేసి
వేలు పెట్టి చదువుతాను,
నాలుగో వరస చేరేదాకా
ఒక్కొక్క పేరూ, బయటికే.